గంపకింద పుంజు

పెరంబూరులో మా మిద్దెమీద ఐదు కోడిపిల్లల్ని పెంచాను. అన్నీ పెట్టపిల్లలేనని అమ్మినాయన ఒట్టేసి మరీ చెప్పాడు. నాలుగో నెలలో ఒకటి మెడ సాచి, బొంగురుగొంతుతో కూతలాంటిదేదో కూసింది. వర్క్‌షాపు నుంచి అప్పుడే వచ్చిన మా వారు, "ఏం, నీ పెట్టకు జలుబు చేసిందా?" అని తెగ నవ్వారు.

కూతతో పోయుంటే బాగుండేది. పుంజుగాడికి ఈడొచ్చింది, పెట్టలకు రాలేదు. వాటి నెత్తిమీద జుట్టు ఇంకా ఎర్రబడనే లేదు. ఆ సంగతి వాడికెవరు చెప్పాలి? నూకలు చల్లగానే తినడం మానేసి ఏదో ఒకదాని వెంటపడేవాడు, మెడమీద ఈకలు ముక్కుతో పట్టి లాగేవాడు. అన్నిట్లోకీ చిన్నది, బూడిదరంగుది, వాడికి ఎక్కువగా దొరికేది. దాని మెడ బోసిపోయింది. గింజల దగ్గరికి రావడమే మానేసింది. ఎత్తి చూస్తే రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంది. ఇంకో వారం ఇట్లాగే ఉంటే ఇది దక్కదని భయం వేసింది.

ఆదివారం పుంజును కోసేద్దామన్నారు మా వారు. నాకు మనసొప్పలేదు. వయసు తెచ్చిన దుడుకుతనమే కదా, ఎన్నాళ్లుంటుందో చూడాలనిపించింది. పెట్టలు నాలుగింటినీ గూట్లో పెట్టి గొళ్లెం వేశాను. గింజలూ నీళ్లూ లోపలికే. వాడు మిద్దెంతా దొరలా తిరిగాడు.

ఐదో రోజు వడియాలు ఎండబెట్టడానికి పైకొచ్చిన మా అత్త గూటివైపు చూసి ఆగింది.

"ఏందమ్మే, తప్పు జేసింది వాడు. మూసిపెట్టింది వీటినా?"

వడియాల గుడ్డ ఒక కొస పట్టుకునే గూటివైపు తిరిగి చూశాను. పెట్టల్ని కాపాడుతున్నానని ఐదు రోజులుగా నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. ఇంత తెలివితక్కువ పని ఎట్లా చేశానో ఇప్పటికీ తెలియదు.

వెంటనే గూడు తెరిచి, వాణ్ణి వెదురు గంపకింద మూసి, పైన ఇటుక పెట్టాను. పొద్దున ఓ గంట మాత్రం కాలికి తాడు కట్టి తిప్పేదాన్ని. మూడు పెట్టలు రెక్కలు దులుపుకుంటూ బయటికొచ్చాయి. బూడిదరంగుది రాలేదు. తలుపు తెరిచే ఉంది, వాడు గంపకిందే ఉన్నాడు, అయినా అది మూలకే ఒదిగింది. వాడికి భయపడుతోందో, గొళ్లేనికి అలవాటుపడిందో. రెండూ అయ్యుంటాయి.

రోజూ సాయంత్రం ఒడిలో నూకలు పోసుకుని గూటిముందు కూర్చునేదాన్ని. మొదట తలుపుదాకా వచ్చింది. మరునాడు ఒక కాలు బయట పెట్టి వెనక్కి పోయింది. ఆరో రోజు తనంతట తనే బయటికొచ్చింది. నా ఒడివైపు చూడనైనా లేదు. నేరుగా గంప దగ్గరికి పోయి, తల ఒక పక్కకు వంచి, సందుల్లోంచి వాణ్ణి చాలాసేపు చూసింది. వాడు కదల్లేదు. తర్వాత వాడికోసం వేసిన గింజల్లో బయట పడ్డవన్నీ నింపాదిగా ఏరుకు తింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మెట్లమీంచి ఇదంతా చూస్తున్న మా వారు గంప దగ్గరికొచ్చి ఇటుకమీద చెయ్యి వేశారు.

"ఇంక వీణ్ణి వదిలేద్దామా?"

"నన్నడక్కండి," అన్నాను. "దాన్నడగండి."