బురద దాటి వచ్చిన ఊరు

నేను దేశం దాటి వచ్చి సస్కటూన్ నగరంలో మాస్టర్స్ చేస్తున్న రోజుల్లో ప్రతి సెమిస్టర్‌కూ మన తెలుగు పిల్లలు గుంపులు గుంపులుగా దిగుతుండేవారు. వేసవి సెలవుల్లో నగరంలో పని దొరకడం గగనమైపోయింది. కాఫీ షాపుకు వెళ్ళినా గోడౌన్‌కు వెళ్ళినా నాకంటే ముందే మనవాళ్ళు నిలబడి ఉండేవారు. అలాంటప్పుడు నా రూమ్మేట్, భీమవరం అమ్మాయి, ఉత్తరాన పీట్ ఫ్యాక్టరీలో వేసవి పని ఉందని కబురు తెచ్చింది.

మన నర్సరీల్లో కుండీల్లో కొబ్బరి పొట్టు, అదే కోకోపీట్, వేసినట్టు ఇక్కడ పీట్ వేస్తారు. చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకుపోయిన నాచు అది. నీళ్ళు తోడి, పైపొరను ఎండబెట్టి, యంత్రాలతో పీల్చి మూటలు కడతారు. మా పని ఆ మూటల దగ్గర.

ఫ్యాక్టరీకి ఆనుకుని చిన్న గట్టు, దాని మీద డజను ఇళ్ళ ఊరు. సగం ఇళ్ళకు తాళాలు. గట్టు దిగితే కనుచూపు మేర చిత్తడి నేల, మోకాలెత్తు పొదలు, ఎదగని నల్లటి చెట్లు. అడుగు వేస్తే నేల పరుపులా కుంగి మళ్ళీ లేచేది.

మాకు గది ఇచ్చినావిడ ఒకప్పుడు ఆ ఊరి బడిలో టీచరు. బడి మూసేశాక కూడా అక్కడే ఉండిపోయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మేము అలవాటు కొద్దీ ఆంటీ అన్నాం. ఆవిడకు ఆ పిలుపు నచ్చింది. ఎదురింట్లో ఆవిడ చిన్నాన్న కొడుకు ఉండేవాడు, భార్య పోయిన పెద్దాయన. మమ్మల్ని చూసి పలకరించేవాడు కాడు. విద్యార్థులకు గదులు ఇవ్వొద్దని ఊళ్ళో అందరికీ చెప్పాడట. మూడు నెలలు ఉండి పోయేవాళ్ళు ఊరికేం పనికొస్తారన్నది ఆయన మాట.

ఆ ఊరి కథ ఆంటీయే చెప్పింది. ఆవిడ తాతలు తూర్పు యూరప్ నుంచి వచ్చి, ఎవరికీ అక్కర్లేని భూమి చవగ్గా ఇస్తున్నారంటే తీసుకున్నారు. పైన గడ్డి చూసి మాగాణి అనుకున్నారు. నాగలి దింపితే కింద నల్లటి బురద. ఊరు మొదట వెలిసింది ఆ చిత్తడికి అవతలి ఒడ్డున. రైలు మాత్రం ఇవతలి గట్టు మీదుగా వచ్చింది. రైలు లేకపోతే గింజలు అమ్ముకునే దారి లేదు. అందుకని ఒక చలికాలం, బురద రాయిలా గడ్డకట్టాక, ఇళ్ళకింద దుంగలు దోపి గుర్రాలతో ఇళ్ళనే లాక్కొచ్చారు. ఆంటీ అప్పటికి చిన్నపిల్ల. ఇల్లు కదులుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చుందట. వాళ్ళమ్మ లోపల రొట్టె కాలుస్తూనే ఉందట.

వెనకాల వస్తున్నది చిన్నాన్నవాళ్ళ ఇల్లు. సగం దూరంలో మంచు విరిగి ఒక పక్కకు ఒరిగిపోయింది. మనుషులు బయటపడ్డారు, గుర్రాల్ని తాళ్ళు కోసి తప్పించారు, ఇల్లు మాత్రం దక్కలేదు. ఎండాకాలానికి కప్పు దాకా దిగిపోయింది. ఆ కుటుంబమంతా ఆంటీవాళ్ళింట్లోనే ఉండిపోయారు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు తోడికోడళ్ళు ఏళ్ళపాటు పోట్లాడుకున్నారు. ఎదురింటి పెద్దాయన పుట్టింది ఆ ఇంట్లోనే.

ఒక ఆదివారం ఆయన వరండాలోకి వచ్చి, ఈ అమ్మాయిలు ఇంకెన్నాళ్ళుంటారని మా ముందే ఆవిడను అడిగాడు. ఆంటీ బఠాణీలు వలుస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"నువ్వు మా ఇంట్లో పెళ్ళి దాకా ఉన్నావు. ఎన్నాళ్ళుంటావని మా అమ్మ ఒక్కసారైనా అడిగిందా?"

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద కోపం రావాలి, కానీ ఆ నడక చూస్తే జాలేసింది.

ఆగస్టులో వానలు లేవు. ఒకరోజు పని మధ్యలో యంత్రాలన్నీ ఆపేశారు. దూరంగా నేలలోంచి పొగ లేస్తోంది. మంట మాత్రం కనపడలేదు.

"నేల కింద మంటేంటక్కా? ఎక్కడని ఆర్పుతారు?" అంది నా రూమ్మేట్.

"ముందు పాస్‌పోర్ట్‌లు తీస్కో, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

పీట్ అంటుకుంటే లోలోపలే రాజుకుంటూ పోతుందట. ఊరు ఖాళీ చేయడం మంచిదన్నారు. బస్సు వచ్చింది. ఆంటీ బట్టల సంచితో ముందు సీట్లో కూర్చుంది. పెద్దాయన రానన్నాడు. గట్టు చివర పల్లంలో ఉంది శ్మశానం. పొగ అటే పాకుతోంది.

"మా ఆవిడ అక్కడుంది. కింద నుంచి కాలుతుంటే నేను బస్సెక్కి పోవాలా?" అన్నాడు.

ఆంటీ సంచి సీట్లోనే వదిలేసి దిగింది. ఆవిడ దిగాక మాకు కూర్చోబుద్ధి కాలేదు. మా సూపర్‌వైజర్ ఫ్యాక్టరీలో కందకాలు తవ్వే యంత్రం తెచ్చాడు. శ్మశానం చుట్టూ, నాచు అయిపోయి బంకమట్టి తగిలేదాకా తవ్వి, ఫ్యాక్టరీ కాలువ నుంచి పంపులతో నీళ్ళు నింపారు. మేమిద్దరం గొట్టాలు లాగాం, పొగ కనపడ్డచోటల్లా తడిమట్టి పోశాం. కళ్ళు మండి ఏడుస్తూ పనిచేశాం. పెద్దాయన నా పక్కనే పార పట్టాడు. సాయంత్రానికి నా చేతులు బొబ్బలెక్కాయి. ఆయన తన చేతి తొడుగులు తీసి నా చేతిలో పెట్టాడు.

కందకం దగ్గర మంట ఆగింది. సమాధులు దక్కాయి. పీట్ పొలాలు మాత్రం దక్కలేదు. చలికాలమంతా మంచు కిందే మంట రగిలిందని, తెల్లటి నేలలోంచి ఆవిర్లు వచ్చేవని ఆంటీ ఫోన్లో చెప్పింది. ఫ్యాక్టరీ మళ్ళీ తెరవలేదు. ఫ్యాక్టరీ పోయాక మిగిలిన కుటుంబాలూ ఒక్కొక్కటే కదిలాయి. మ్యాపుల్లోంచి ఊరి పేరు తీసేశారు. పెద్దాయన మరుసటేడు పోయాడు, భార్య పక్కనే పెట్టారు.

ఆంటీ సస్కటూన్‌లో వృద్ధాశ్రమానికి వచ్చింది. నా రూమ్మేట్ ఉద్యోగం వచ్చి దూరంగా తూర్పున మార్కమ్ అనే ఊరికి వెళ్ళిపోయింది. నేనిక్కడే ఉండిపోయాను. వీలైనప్పుడల్లా పులిహోర పట్టుకెళ్తాను. కారం తగ్గించమంటుంది, తగ్గిస్తే చప్పగా ఉందంటుంది.

పోయిన వేసవిలో ఒక్కసారి ఊరు చూపించమని అడిగింది. కారులో తీసుకెళ్ళాను. ఆవిడ ఇంటి కప్పు కూలింది. కాలిన చోటంతా చెరువులా నీళ్ళు నిలిచి, బాతులు ఈదుతున్నాయి. దిగుతారా అని అడిగాను. వద్దంది. అద్దం దించి చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"ఇన్ని నీళ్ళుంటే నాగలెక్కడ దింపనని మా నాన్న విసుక్కునేవాడు. బాతులు మాత్రం బాగున్నాయి" అంది.

తర్వాత అద్దం ఎత్తి, దగ్గర్లో ఎక్కడైనా టీ దొరుకుతుందేమో చూడమంది.