బూట్లు ఇంకా ఆరలే

మా గోవిందమ్మ అవ్వ, ఎవరొచ్చినా సరే, కాళ్లు కడుక్కోనిదే గడప దాటనిచ్చేది కాదు. అల్లుడైనా అంతే, పట్వారీ అయినా అంతే. మా మేనమామ పెళ్లినాడు లగ్గం దాటిపోతున్నా పెళ్లి చేసే అయ్యగారిని వాకిట్లో నిలబెట్టి మడమలు మళ్లీ తోమించింది. కోళ్లను కూడా కడిగేదని ఊళ్లో చెప్పుకునేవారు. అది అబద్ధం. మేకపిల్లను మాత్రం కడిగేది.

నీళ్లు పోయడం నా పని. బడిలో పోలీసు క్యాంపు పెట్టినాక నా చదువు ఆగిపోయింది, చెంబు చేతికొచ్చింది. నేను పోస్తుంటే అవ్వ వచ్చినవాళ్ల ముఖం చూసేది కాదు, కాళ్లే చూసేది.

రాజ్యాంగం వచ్చిన ఏడాది ఎండాకాలంలో ఆ క్యాంపు నుంచి ఒక జమేదారు, ఒక జవాను మా ఇంటి మీదికి వచ్చారు. గొర్లకాపరి బీరన్న లోపల జొన్న గటక తింటున్నాడు. అడవిలో దాగిన సంఘపోళ్లకు రొట్టెలు మోశాడని అతని మీద అనుమానం. అంతకుముందు క్యాంపుకు తీసుకుపోయిన మా ఊరి ఐలేశం ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. బీరన్న పెరటి దిక్కు లేచాడు.

"ఉరికినోన్నే కాలుస్తరు. కూసోని తిను," అంది అవ్వ మెల్లగా. తరువాత పోయి గడపకు అడ్డంగా కూర్చుంది.

జమేదారు కోస్తా మనిషి. సోదా చేసే అధికారం తనకుందన్నాడు.

"ఉండనీ బిడ్డా, నేను కాదన్ననా? కాళ్లు కడుక్కొని చెయ్యి."

తుపాకీ నేలకు తాటించాడు. దాని మడమ కూడా తుడవమంది. ముసలిదాన్ని ఈడ్చేయడానికి సిగ్గేసిందేమో, విసుక్కుంటూ అరుగు మీద కూర్చున్నాడు, పక్కన జవానూ. బూట్లు విప్పాలంటే ముందు మోకాళ్ల దాకా చుట్టిన పట్టీలు విప్పాలి. అవి మూరలకు మూరలు వస్తూనే ఉన్నాయి. ఒక కొసను మేకపిల్ల కరుచుకొని వీధిలోకి పరుగెత్తింది. దాని వెనక అప్పటికే బూట్లు విప్పిన జవాను, జవాను వెనక ఊరు. చివరికి బడి పోయిన పంతులు కృష్ణయ్య కూడా వచ్చాడు. ఆలోగా అవ్వ రెండు జతల బూట్లూ పశువుల తొట్టిలో ముంచి, కడిగి, ఎండలో పెట్టేసింది.

వట్టికాళ్ల మీద జమేదారు గొంతు సగానికి దిగింది. మనిషిని పట్టుకుంటే ఎందుకో చెప్పాలని, ఒక్క రోజులో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగంలో ఉందన్నాడు పంతులు.

"నాకే చట్టం చెబుతున్నావా?"

"చెప్పనీ బిడ్డా," అంది అవ్వ. "బూట్లు ఇంకా ఆరలే."

అవి ఆరేసరికి పొద్దు వాలింది, చట్టం చెప్పడమూ అయిపోయింది. ఊరంతా వింటుండగా జమేదారు కారణం చెప్పక తప్పలేదు. బీరన్నను తీసుకుపోయారు గానీ, పంతులూ సగం ఊరూ వెంట నడవడంతో క్యాంపుకు కాక తాలూకా కచేరీకే పోవలసి వచ్చింది. మర్నాడు మెజిస్ట్రేటు విడిచిపెట్టాడు.

పోలీసులను ఆపడానికే ఈ పద్ధతి పెట్టావా అని అడిగాను.

"పోలీసులు నిన్న వచ్చిండ్రు. నేను ఎన్నేండ్ల సంది కడిగిస్తున్న? ఆకలైతాందా అంటే మనిషి సిగ్గుపడి లేదంటడు. కాళ్లు అబద్ధమాడయి."

అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్ల దాకా దుమ్ముతో వచ్చినవాళ్లకు అవ్వ అడగకుండానే గటక పెట్టేది. ఆ రోజు జవాను మడమలు బూట్లు కొరికి పుండ్లయి ఉంటే, తిట్టుకుంటూనే ఆముదం రాసింది.

వారం తిరగకముందే ఆ జవాను ఒక్కడే వచ్చాడు. బూట్లు చేత్తో పట్టుకొని, గడప బయటే నిలబడి, లోపలికి రావచ్చునా అని అడిగాడు.

అవ్వ తలెత్తలేదు.

"మడమలు చూపియ్యి," అంది.