ఆ ‘కొందరు’ మా నాయనే

మా నాయన ఎంత పండితుడో లెక్కగట్టి చూపించే పని ఒకప్పుడు నా నెత్తిన పడింది. అప్పుడు నేను నంద్యాలలో చిన్నపిల్లల బడి పంతులమ్మను. వారమంతా పిన్నమ్మ ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డ చేరేదాన్ని. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్త. ఎక్కడ చూసినా ఏదో ఒకటి పెడతామనే మాటే. నంద్యాలలో సంస్కృత పాఠశాల తెరుస్తున్నారనీ, తర్కం చెప్పే పండితుడు కావాలనీ తెలిసింది.

నాయన అహోబిలం పండితుల ఇంట పుట్టినవాడు. తర్కంలో ఆయనకు తెలియని మూల లేదు. కానీ ఆళ్లగడ్డ హైస్కూల్లో ఆయన పని పిల్లలచేత రామశబ్దం వల్లె వేయించడం. ఒక కంటికి పొర కమ్మింది, రెండోది మసకబారుతోంది. చూపు పోయేలోగా, తన గురువు దగ్గర చదివిన కష్టమైన గ్రంథాన్ని తెలిసినవాళ్ళతో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారైనా చదవాలని ఆయన కోరిక. ఊళ్ళో అలాంటివాడు ఒక్కడూ లేడు. నేను ఉన్నాను గానీ నాది అరకొర చదువు. నాలుగు పంక్తులు దాటితే ఆయన చెప్పేదొకటి, నాకు అర్థమయ్యేదొకటి. ఆ ఉద్యోగం ఆయనకు రావాలని నేను కనపడిన దేవుడికల్లా మొక్కాను.

పాఠశాల కమిటీకి పెద్ద, రుద్రవరం వైపు భూములున్న రైతు. మంచివాడే. నాయన కోసం అడగబోయిన నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, ఉన్నమాట చెప్పాడు.

“ఎద్దును కొనాలంటే పళ్ళు జూస్తామమ్మా. పండితుణ్ని యాడ జూడల్ల? మద్రాసులో సదివొచ్చినాయన ఒక దారి జెప్పినాడు. స్వామి రాసిన పుస్తకాలేంది, ఆ మాటలను వేరేవాళ్లు వాళ్ల పుస్తకాల్లో ఎన్ని తూర్లు ఎత్తుకున్నారు. అది తేల్చుకోని రా.”

ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే అటక మీది పుస్తకాలన్నీ దించి వసారాలో పరిచాను. నాయన మాట ఉన్నచోటల్లా ఒక చీటీ పెట్టుకుంటూ పోవాలని నా ఎత్తు.

ముందు నాయన పుస్తకాలే తీశాను. అట్ట మీద ఆయన గురువు పేరు. లోపలి పేజీలో, ఇందులో మంచి ఏదైనా ఉంటే అది మా గురువుగారిది, తప్పులు మాత్రం నావి అని ఉంది. నాయన పేరు చిట్టచివర ఆవగింజంత అక్షరాల్లో. పుట్టినప్పటినుంచీ ఇంట్లో చూస్తున్న పుస్తకాలే, పైగా ఆ పండితుల ఆచారమే అది, కాబట్టి నాకెప్పుడూ వింతగా తోచలేదు. ఇప్పుడు తోచింది. నాయన మాటను మెచ్చి ఎత్తుకున్న ప్రతివాడూ, ఏనాడో పోయిన ఆ గురువు పేరే రాశాడు.

“పోనీ, నిన్ను కాదన్నోళ్లయినా నీ పేరు రాసుంటారు గదా నాయనా?”

“రాయరమ్మా. బతికుండేవాణ్ని పేరు పెట్టి ఖండించడం మర్యాద గాదు. ‘కొందరు ఇట్లంటారు’ అని రాసి కొడతారు.” ఆయన ఒక పుస్తకాన్ని తడిమి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇదో, ఈ కర్నూలాయన పుస్తకం సగం నన్ను కొట్టడమే. ఈ కొందరు నేనే.”

ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకు తల తిరుగుతోంది. ఒప్పుకున్నచోట గురువు, ఒప్పుకోనిచోట కొందరు. మరి మా నాయన ఎక్కడ? ఒక్క చీటీ కూడా పెట్టకుండా పుస్తకాలన్నీ మళ్ళీ అటకెక్కించాను.

ఉన్నదున్నట్టు కమిటీ పెద్దకు చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

“కొందరంటే ఒకాయనెట్లయితాడమ్మా?”

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. దండం పెట్టి లేచి వచ్చేశాను.

ఉద్యోగం ఒక ఆత్మకూరు అబ్బాయికి వచ్చింది. చిన్నతనంలో మా ఇంట్లోనే ఉండి నాయన దగ్గర చదువుకున్నవాడు. తర్వాత తిరుపతి పోయి చదివి, పత్రికల్లో తన పేరుతోనే వ్యాసాలు వేయించుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనని నేను వారం రోజులు తిట్టుకున్నాను. నాయన మాత్రం మర్నాడు ఎప్పటిలాగే బడికి పోయి రామశబ్దం చెప్పొచ్చాడు. ఆయనకు బాధగా ఉందో లేదో నాకు తెలియలేదు, అదే ఇంకా బాధ.

రాజధాని హైదరాబాదుకు పోయింది. నాయన రెండో కన్ను కూడా దాదాపు పోయింది. అప్పుడొక రోజు ఆ అబ్బాయి రాసిన పుస్తకం పోస్టులో వచ్చింది. విప్పి తెల్లబోయాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నాయన పేరు. లోపల ఎక్కడ తెరిచినా ‘మా గురువుగారు ఇట్లా అంటారు’ అని, పేరుతో సహా. ఇన్నేళ్ళూ ఎక్కడా దొరకని పేరు. పట్టుకుపోయి కమిటీ పెద్ద ముఖాన పెట్టాలనిపించింది.

నాయనకు చదివి వినిపిస్తున్నాను. కాసేపటికే చెయ్యెత్తాడు.

“ఇది నేను చెప్పలే.”

“నీ పేరే ఉంది నాయనా.”

“పేరుంటే? నేను చెప్పింది దీనికి ఎదురు. తప్పు రాసినాడు.”

ఒళ్ళు మండింది. ఉద్యోగం పట్టుకుపోయింది చాలక, ఆయన నోట్లో తప్పుడు మాట కూడా పెట్టాడన్నమాట. “నీ పేరు తీసేయమని ఇప్పుడే కార్డు రాస్తా” అన్నాను.

“ఉండనీలేమ్మా. నేను మా గురువుగారి పేరుతో రాసినవన్నీ ఆయన చెప్పినాడనుకుంటాండావా? సగానికి ఆయన ఒప్పుకునేవాడే గాదు.”

ఎవరి మాట ఎవరిదో, ఎవరి పేరు ఎవరికో, నాకిక ఏమీ పాలుపోలేదు.

“ఆ తప్పు కాడ మళ్ళ సదువు” అన్నాడు. చదివాను. ఆయన నిటారుగా కూర్చున్నాడు. “తప్పే. అయితే అంత లోతుకు దిగినోడే ఆ తప్పు చేస్తాడు. కార్డు రాయి. ఆదివారం బస్సుకు రమ్మని రాయి.”

అతను వచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. ఆ కష్టమైన గ్రంథాన్నే మొదటినుంచి పెట్టుకున్నారు. అతను చదివేవాడు, నాయన ఆపేవాడు, ఇద్దరి అరుపులూ వీధి చివరిదాకా వినబడేవి. నేను కోపం చల్లారక చిత్రాన్నంలో మిరపకాయలు ఎక్కువే వేసేదాన్ని. ఇద్దరూ గమనించకుండా తినేవాళ్ళు.

ఒక ఆదివారం నేను వడ్డిస్తుండగా అతను అడిగాడు. “రెండో తూరి అచ్చేసేటప్పుడు దిద్దుతా స్వామీ. ఈ తప్పు ఎవరిదని వెయ్యల్ల?”

“కొందరిదని వెయ్.”

“మరి ఒప్పు?”

“మా గురువుగారిదని వెయ్.”

అతను తినడం ఆపాడు.

“మరి మీ పేరో?”

“నేను ఈడనే ఉండా గదప్పా” అన్నాడు నాయన. “బేగా తిను. ఇంకా చానా సదవల్ల.”