చిన్నాయన బావిలో మెరిసిన రాయి

మొన్న మా వంటింటి గట్టుకు కొత్త గ్రానైటు బండ పరుస్తుంటే, అందులో పచ్చగా మెరిసే చుక్కను చూసి మేస్త్రీ "అమ్మా, బంగారం" అని నవ్వాడు. నాకు పరకాల దగ్గరి మా ఊరు, మా నాన్న తమ్ముడు చిన్నాయన గుర్తొచ్చారు.

డెబ్బైల చివర్లో, నేను వరంగల్‌లో భూగర్భశాస్త్రం చదువుతున్న రోజులవి. చిన్నాయన పాత బావి ఎండిపోయింది. చిన్నమ్మ పరాయి బావి నుంచి బిందెలు మోస్తూ, నీళ్ళతోపాటు ఆ బావివాళ్ళ ఎత్తిపొడుపు మాటలూ మోసుకొచ్చేది. ఆ ఎండాకాలం ఆయన కొత్త బావి మొదలుపెట్టాడు. తోటాలు పేల్చిన బండలో తెల్లరాతి చార, దాన్నిండా పసుపు మెరుపు కనిపించాయి. అంతే, కూలీలను పంపించేసి, గొడుగేసుకుని గట్టుమీద కాపలా కూర్చున్నాడు. సెలవులకు వెళ్ళిన నన్ను పక్కకు పిలిచాడు.

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా. గిది బంగారమేనా?"

నా సంచిలోని గరుకు పింగాణీ ముక్కమీద ఆ రాయిని గీశాను. బంగారమైతే పసుపు గీత పడాలి. నల్లగా పడింది.

"కాదు చిన్నాయనా. ఇనుమూ గంధకమూ కలిసిన రాయి." ఆయన ముఖం చూడలేక పాఠం అందుకున్నాను. భూమి లోతుల్లో నీళ్ళు సలసలా కాగి లోహాలను కరిగించుకుంటాయనీ, పగుళ్ళ వెంట పైకొచ్చి చల్లారేటప్పుడు వాటిని అక్కడే వదిలేస్తాయనీ, ఎక్కువగా పోగైన చోటే గనులవుతాయనీ చెప్పాను. బంగారం కూడా చాలాచోట్ల అట్లాగే వచ్చిందని నోరుజారాను. చిన్నమ్మ సద్ది గిన్నె దించి, ఆయన పక్కన కూర్చుంది. ఆమెకు గాజులు చేయిస్తానని ఆయన అప్పటికే మాటిచ్చాడట.

పొద్దు వాలేదాకా ఆ రాయిని చేతిలో తిప్పుతూ కూర్చుని, అప్పుడు చిన్నాయన అడిగాడు. "మరి ఆ నీళ్ళెటు పోయినయ్ బిడ్డా?"

"అవి ఎప్పటివో చిన్నాయనా. కానీ ఆ చార పక్క పగులు ఉంటే వాననీళ్ళు దాంట్లకు దిగుతయ్."

"అయితే గా చార ఎంబడే తవ్వుదం," అని గొడుగు ముడిచి, కూలీల కోసం ఊళ్ళోకి నడిచాడు.

మృగశిర రాకముందే ఆ పగుల్లో నీళ్ళు పడ్డాయి. చిన్నమ్మ మొదటి దోసిలి ఆయనకే పోసింది. గాజుల మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

అలాంటి రాయి తయారవడానికి లక్షల ఏళ్ళు పడుతుందని పరీక్షల్లో తడుముకోకుండా రాసేదాన్ని. చిన్నాయన ఆశ వదులుకోవడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. గట్టుమీద ఆ మధ్యాహ్నం గడవడం చూశాను గనుక, ఏది ఎక్కువ కాలమో నేటికీ చెప్పలేను.