గోడ అవతలి ఫోను

మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఆలస్యంగా రావడానికి టెలిఫోన్ ఆఫీసువాళ్ల బద్ధకమే కారణమని మా వాళ్లలో ఒక కథ స్థిరపడిపోయింది. పెళ్లిళ్లలో ఎవరైనా పాత రోజులు కదిలిస్తే చాలు, మా ఆయన మొదలుపెడతాడు. స్తంభాల మీద తీగలు తుప్పుపట్టాయట, ఎక్స్ఛేంజీ దూరమట, లైన్‌మ్యాన్‌కి చేతకాలేదట. మరుదులు తలలూపుతారు. నేనున్న చోట ఈ కథను ఎవరూ చివరిదాకా చెప్పలేరు. తీగ బాగానే ఉండింది. ఎక్స్ఛేంజీ మా మిద్దె మీద నిలబడితే కనిపించేది. లైన్‌మ్యాన్ వచ్చిన ప్రతిసారీ ఇంటర్నెట్ చక్కగా పనిచేసింది. అడ్డం ఉన్నది మా ఇంట్లోనే, వంటింటి అటక మీద, మా అత్తగారి మర్యాదలో.

పుంగనూరులో మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒకటే గోడ. అవతల ఆపా ఉండేది. ఆపా అంటే ఉర్దూలో అక్క. వీధంతా ఆమెను అలాగే పిలిచేది, ఆమెకంటే పెద్దదైన మా అత్తతో సహా. రవికెలు కుట్టేది, చీరలకు ఫాల్సు వేసేది. ఫోను కనెక్షను కోసం ఏళ్ల తరబడి కాచుకునే కాలంలో మా మామగారికి వచ్చింది, ఆమెకు రాలేదు. ఆయన అటక దగ్గర గోడకు కన్నం కొట్టించి, మా లైనుకే ఇంకో తీగ అతికించి, అవతలికి పంపాడు. దాన్ని పారలల్ అనేవాళ్లం. రెండిళ్లలోనూ ఒకేసారి మోగేది. ముందు ఎత్తినవాళ్లు విని, అవతలివాళ్ల కోసమైతే పచ్చడిబండతో గోడ మీద కొట్టేవాళ్లు.

కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాకిది బొత్తిగా నచ్చలేదు. మదనపల్లెలో ఉన్న మా అమ్మతో అత్త మీద నాలుగు మాటలు చెప్పుకుందామంటే, గోడ అవతలి కుట్టుమిషను చప్పుడు వినపడేది. ఆ చప్పుడు ఆగిపోయిందంటే ఆపా ఫోనెత్తి వింటోందని అర్థం. పెట్టెయ్ ఆపా అంటే నవ్వేసి పెట్టేసేది. మర్నాడు నా రవికె కొలతలు తీసుకుంటూ, మీ అత్త అంత చెడ్డదేం కాదులే అని నాకే సర్దిచెప్పేది.

ఒకరి లైను ఇంకొకరి ఇంటికి ఇవ్వడం రూలుకు విరుద్ధం. తెలిస్తే కనెక్షను పీకేస్తారని మా అత్తకు భయం. అందుకని లైన్‌మ్యాన్ సైకిలు వీధి మొదట్లో కనిపించగానే గోడ మీద దెబ్బ పడేది. ఆపా తన ఫోనును బియ్యం డబ్బాలో దాచేది. మోకాళ్ల నొప్పులని దేవుడి గది గడప దాటడానికి కూడా మూలిగే మా అత్త, స్టూలేసుకుని అటకెక్కి అతుకు విప్పేసేది. సైకిలు వీధి దాటాక మళ్లీ ఎక్కి మెలిపెట్టేది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. వానొస్తే వడియాలు లోపల పెట్టినట్టు, అలవాటుగా జరిగిపోయేది.

ఇంతలో నాకొక పని వచ్చింది. బెంగుళూరులో పిల్లల పాఠాలు తయారుచేసే కంపెనీ ఒకటి, తెలుగు పాఠాల్లో తప్పులు దిద్ది సాయంత్రానికల్లా కంప్యూటర్లో పంపమంది. డిగ్రీ చదివి, తెల్లారింది మొదలు టమాటా రేటు తప్ప ఇంకో ముచ్చట లేని ఇంట్లో పడ్డదాన్ని. పెళ్లయ్యాక నాదంటూ వచ్చిన మొదటి పని అది. కొన్నాళ్లు బస్సెక్కి మదనపల్లె నెట్ సెంటరుకు పోయి పంపాను. టమాటా మార్కెట్ యార్డు దగ్గర లారీలు అడ్డం నిలిచిన రోజున పాఠాలు వేళకు అందేవి కావు. నెలాఖరులోగా ఇంట్లో కనెక్షను పెట్టించుకోకపోతే పని ఇంకొకరికిస్తామని కంపెనీవాళ్లు తేల్చి చెప్పారు.

ఉన్న ఫోను లైను మీదే బ్రాడ్‌బ్యాండ్ వస్తుంది, కొత్త తీగ అక్కర్లేదన్నారు. ఎక్స్ఛేంజీలో బ్రాడ్‌బ్యాండ్‌కి చోటు ఖాళీ లేదని ఆఫీసులో మొదట తిప్పి పంపితే, కుర్చీలో కూర్చుని ఇచ్చేదాకా లేవనన్నాను. ఇచ్చారు. లైన్‌మ్యాన్ మోడెం పట్టుకొచ్చాడు. గోడ మీద దెబ్బ, అటక మీద అత్త. మోడెం మీద పచ్చ దీపం ఆరకుండా, మినుకుమనకుండా వెలగాలని చెప్పి, వెలిగించి చూపించి, టీ తాగి వెళ్లాడు. కాసేపటికి దీపం మినుకుమంది, ఆరిపోయింది. మళ్లీ పిలిచాను. మళ్లీ వచ్చాడు, మళ్లీ వెలిగింది, మళ్లీ వెళ్లాడు, మళ్లీ ఆరింది. మోడెం మార్చాడు, స్తంభమెక్కాడు, దిగాడు. చివరికి విసిగిపోయి తల గోక్కున్నాడు.

"నన్ను సూస్తే దీనికి భయమేమోమ్మా. నేనుంటే బుద్ధిగా ఉండాది."

"అట్లయితే ఈడే ఉండిపోప్పా. మూడు పూటలా అన్నం పెడతా," అన్నాను.

నెలాఖరు దగ్గరపడుతుండగా ఆపా కూతురి రెండో కానుపుకని కుప్పం వెళ్లింది. ఉరుముల కాలం, ఖాళీ ఇంట్లో ఫోను కాలిపోతుందేమోనని, అతుకు విప్పి ఉంచమని అత్తకు చెప్పి బస్సెక్కింది. ఆ రోజు దీపం ఆరలేదు. మర్నాడూ ఆరలేదు. పాఠాలు పంపుతూ సంబరపడుతున్న నాకు, మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే తట్టింది. ఎంగిలి చేత్తోనే స్టూలెక్కి అతుకు కలిపాను. దీపం మినుకుమంది. విప్పాను. కాసేపటికి నిలిచింది.

ఆ తీగ ఇక కలపొద్దని అత్తతో చెప్పాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"కుప్పం నుంచి బిడ్డ ఫోన్ జేస్తే ఆపా యాడ మాట్లాడుతుంది?"

ఇప్పుడందరూ సెల్లులు కొంటున్నారు, ఆమెనూ కొనుక్కోమను అన్నాను. కుట్టుపని ఇచ్చేవాళ్లంతా, చౌడేపల్లె నుంచి కూడా, ఈ నంబరుకే చేస్తారంది అత్త. మరి నా పని పోతే అని అడిగాను.

"నీ పని నీకెంతో ఆ ఫోను ఆమెకంత. నేనైతే ఆమె మొహం మీద చెప్పలేనమ్మా. చెప్పగలిగితే నువ్వే చెప్పుకో."

అత్తతో నేను ఓడిపోయిన వాదాలు చాలా ఉన్నాయి. ఓడినా కోపం రానిది ఇదొక్కటే. నేనే చెబుతానన్నాను. ఆపా తిరిగొచ్చేదాకా ఏ మాటతో మొదలుపెట్టాలో గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ అనుకుంటూనే ఉన్నాను.

నెల ముగిసే ముందు ఆమె వచ్చింది. వెళ్లాను, వెనకాలే అత్త. ఆపా మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మనవరాలు ఎలా ఉందని అడిగి, గొంతు సవరించుకున్నాను. నేను నోరు తెరిచేలోగా ఆమే అంది.

"అతుకు మళ్లా వెయ్యొద్దమ్మా. ఆ ఫోను చెడిపోయిండాది. బిడ్డ నాకు సెల్లు కొనిచ్చింది సూడు."

సంచిలోంచి తీసి చూపించింది, తలకిందులుగా పట్టుకుని. అత్త ఆశ్చర్యపోలేదు. మిషను వైపు చూస్తూ, పోనీలే, మంచిదే అంది.

నా పని నిలిచింది. ఈ రోజుకీ అదే చేస్తున్నాను. మోడెంతో పాటు ఇచ్చిన, ఫోను మాటల్నీ ఇంటర్నెట్‌నీ విడదీసే చిన్న తెల్ల పెట్టె తర్వాత ఆ తీగను కలిపి ఉంటే రెండూ నడిచేవని చాలాకాలానికి తెలిసింది. లైన్‌మ్యాన్‌కి ఒక్క నిజం చెప్పి ఉంటే సరిపోయేది. గోడ మీద దెబ్బలు ఆగిపోయాయి. మా అమ్మతో ఎంతసేపైనా మాట్లాడుకునే వీలు దొరికింది. కానీ కుట్టుమిషను ఆపి వినే మనిషి లేకపోయేసరికి, అత్త మీద చాడీల్లో పస పోయింది. ఫోను పెట్టేశాక కూడా కాసేపు గోడ వైపే చూసేదాన్ని.

ఇప్పుడు అత్త లేదు. ఆపా కుప్పంలో కూతురి దగ్గరుంటోంది. ఈ మధ్య చూడడానికి వెళ్లాను. టీవీ పక్కన, అల్లిక గుడ్డ కింద, అదే ఫోను. అయిదో నంబరు మీటకు అంచు విరిగి ఉంటుంది, గుర్తుపట్టాను. చెడిపోయిన ఫోనును పుంగనూరు నుంచి కుప్పం దాకా ఎవరైనా మోసుకొస్తారా? అలవాటు కొద్దీ ఎత్తి చెవికి పెట్టుకున్నాను. వెనక తీగే లేదు.

"ఆపా, నిజం చెప్పు. ఇది అప్పుడు చెడిపోయిందా?"

"టీ తాగమ్మా, చల్లారిపోతాండాది."

పట్టుకొచ్చి ఏదైనా లైనుకు తగిలించి చూద్దామంటే, మా వీధిలో ఒక్క ఇంటికీ పాత తీగ మిగల్లేదు. అత్త నాకు తెలియకుండా కుప్పానికి ఫోను చేసి నా పని సంగతి చెప్పిందా? లేకపోతే ఆపా తనంతట తానే కనిపెట్టిందా? ఆ రోజు ఆ తీగ కలిపి ఉంటే, ఆ ఫోను మోగేదా, మోగేది కాదా?