ముత్తు నోట్లో పాలు

మా ముసలి పిల్లి ముత్తుకు షుగర్. రెండు పూటలా తిన్నాకే ఇన్సులిన్ సూది వేయాలి. నేను తళవాయిపురం పెళ్లికి పోయిన రోజు, అది తినకముందే మా ఆయన సూది వేశాడు. మధ్యాహ్నం నేను రాజపాళయం తిరిగి వచ్చేసరికి గిన్నెలో చేపలు అలాగే ఉన్నాయి. ముత్తు చల్లబడి పడి ఉంది.

“పోయిందిమే. గుంట తవ్వినాను, ఎత్తుకొని రా,” అన్నాడు.

పోయినవాళ్ల నోట్లో పాలు పోయడం మా వాడుక. పాలలో చక్కెర కలిపాను.

“షుగర్ పిల్లికి చక్కెర పాలామే?”

“పోయినాక ఇంకేం షుగరండీ?”

వేలితో దాని చిగుళ్లకు పాలు రాశాను. కాసేపటికి నాలుక నా వేలిని తాకింది. తిండి లేకుండా సూది పడితే ఒంట్లో చక్కెర తగ్గి స్పృహ పోతుందని డాక్టరు తరువాత చెప్పాడు.

ముత్తు బతికింది. కానీ అంతకుముందే పోయిన మా అత్తకూ షుగరే, ఆమెకూ సూదులే. ఆమె పోయిన రోజు నోట్లో పాలు పోసి, ఏడుపు ఆగక ముఖం తిప్పుకున్నాను. ఆ పెదవులు కదిలాయేమో, ఇప్పుడు ఎవరిని అడగను?