మిలిటరీ పెదనాన్న ఆకుపచ్చ తుపాకీ

ఆ రోజుల్లో ఐటీఐ ఫిట్టరు ట్రేడు పాసై తిరువూరులో ఉద్యోగం లేకుండా తిరిగేవాడికి పనికి మాత్రం లోటుండేది కాదు. జీతం ఇచ్చే పని కాదు లెండి. బడి గంట వేలాడే కొక్కెం వంగితే నన్ను పిలిచేవాళ్ళు. సైకిలు పంపు గాలి కొట్టకపోతే నన్ను, చర్చిలో హార్మోనియం మెట్టు నొక్కింది నొక్కినట్టే ఉండిపోతే నన్ను. అన్నిటికీ కాఫీ ఇచ్చేవాళ్ళు. బెజవాడలో ఆకురాయి పట్టి అరచేతులు కాయలు కాసేలా నేర్చుకున్న విద్యకి కాఫీకి మించి వెల కట్టినవాడు ఏడాది దాటినా ఒక్కడూ తగల్లేదు. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, కోప్పడే మనిషి కాదు. రోజూ అన్నంలో మజ్జిగ పోసుకునేటప్పుడు మాత్రం తల ఎత్తకుండా, "ఏమైనా కబురొచ్చిందా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకి భయపడి నేను కూరతోనే భోజనం ముగించి లేచిపోవడం అలవాటు చేసుకున్నాను. (ఆ కాలం ఫొటోల్లో నేనంత సన్నగా ఉండటానికి కారణం అందరూ అనుకునే ప్రేమ వ్యవహారం కాదు.)

మా నాన్నకి అన్న ఒకాయన ఉండేవాడు. మిలిటరీలో చేసి వచ్చాడు కాబట్టి ఊరంతటికీ మిలిటరీ గారు, నాకు మిలిటరీ పెదనాన్న. సైన్యంలో ఏం చేశాడో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రెడ్డిగూడెం వైపు ఆయనకి కాస్త మామిడితోట ఉండేది. తోటలోకి అడవిపందులు వస్తున్నాయని లైసెన్సు తీసుకుని, నూజివీడు వైపు ఎవరో పెద్దింటివాళ్ళు వదిలించుకుంటున్న పాత రైఫిలు ఒకటి కొన్నాడు. తూటాలు మాత్రం ఎన్నడూ కొనలేదు. తుపాకీ కనిపిస్తే చాలు పందులు జడుసుకుంటాయని ఆయన నమ్మకం. (పందులకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.)

మా ఇళ్ళల్లో క్రిస్మస్ ముందు గోడలకి సున్నం, తలుపులకీ కిటికీలకీ పెయింటు వెయ్యడం ఆనవాయితీ. పెదనాన్నగారింట్లో కిటికీ ఊచలు ఆకుపచ్చ. డబ్బా అడుగున మిగిలిన పెయింటు పారబొయ్యడానికి ఆయనకి ప్రాణం ఒప్పేది కాదు. తుప్పు పట్టకుండా ఉంటుందని తుపాకీ ఇనుముకి కూడా ఏటా ఒక పూత వేసేసేవాడు. నేను పెద్దవాణ్ణయ్యేసరికి ఆ తుపాకీని కిటికీకి ఆనించి పెడితే ఏది ఊచో ఏది గొట్టమో తెలిసేది కాదు. మిలిటరీ తుపాకులు అలాగే ఉంటాయని నేననుకునేవాణ్ణి.

ఆ ఏడు ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్లంటే లైసెన్సు తుపాకులన్నీ తీసుకెళ్ళి పోలీసు స్టేషన్లో అప్పగించాలి. కొత్తగా వచ్చిన ఎస్సైగారు ప్రతి తుపాకీ గొట్టాన్నీ ఆకాశం వైపు పెట్టి, అందులోంచి వెలుతురు చూసిగానీ తీసుకోవడం లేదని కబురు తెలిసింది. పెదనాన్న ఇనప చువ్వకి పెద్దమ్మ పాత వాయిల్ చీర పేలిక చుట్టి, కొబ్బరినూనెలో ముంచి గొట్టంలో పెట్టి తోశాడు. చువ్వ వెనక్కి వచ్చింది, పేలిక రాలేదు. గొడుగు కమ్మీతో ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి పొడిచేసరికి అది గొట్టం మధ్యలో గట్టిగా స్థిరపడిపోయింది. అప్పుడు నాకు కబురొచ్చింది.

"గొట్టం విప్పాలిరా," అన్నాడు. "మా కల్నల్ గారు రిటైరై హైదరాబాదులో పంపుసెట్ల ఫ్యాక్టరీకి మేనేజరుగా ఉన్నారు. ఆయన దగ్గర నా మాట బరాబర్ చెల్లుద్ది. నువ్వీ గొట్టం విప్పావంటే, నిన్ను నేనే తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెడతా. ఇదే విప్పలేకపోతే ఏమని చెప్పి తీసుకెళ్ళను?"

నా కళ్ళకి ఆ తుపాకీ తుపాకీలా కనిపించడం అక్కడితో ఆగిపోయింది. దాని అవతల కొస హైదరాబాదులో ఉంది.

చెక్కకి పెయింటు లేదు గనక దాని స్క్రూలు సులభంగానే వచ్చాయి. మిగిలింది గొట్టం, అది బిగించి ఉన్న వెనకాల ఇనప దిమ్మ. బోరింగు మేస్త్రీ దగ్గర పైపు రెంచి తెచ్చాను. దిమ్మని కదలకుండా పట్టుకోవడానికి వైసు లేదు కాబట్టి కిటికీ ఊచల మధ్య ఇరికించాను. పెదనాన్న 'వన్, టూ' అన్నాడు. నేను బలమంతా పెట్టి తిప్పాను. ఏదో కదిలింది. ఇద్దరం సంతోషపడ్డాం.

"కిటికీ ఊచ వంగిందండీ," అంది పెద్దమ్మ లోపల్నుంచి.

తర్వాత దాన్ని కిరసనాయిల్లో నానబెట్టాం. మర్నాడు పెద్దమ్మ వచ్చి, "స్టవ్వులోకి లేదు నాయనా, మీ తుపాకీ తాగింది చాలు," అని రేషను కిరసనాయిలు మళ్ళీ సీసాలో పోసుకుని వెళ్ళింది. గోనెసంచి చుట్టి తిప్పాం, ఒకరు అటూ ఒకరు ఇటూ పట్టుకుని లాగాం. ఒకసారి పెదనాన్న వదిలేశాడు, నేను కోళ్ళగంప మీద పడ్డాను. గొట్టం మాత్రం పుట్టుకతోనే అలా వచ్చినట్టు ఉంది. మర్నాడే స్టేషనుకి ఆఖరి రోజు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇక జీవితాంతం మజ్జిగ లేకుండానే తినాలేమో అనిపించింది.

ఆ దుఃఖంలో నాకొక సిద్ధాంతం తట్టింది. మా వైపు బండిచక్రానికి ఇనప పట్టా వేసేటప్పుడు చుట్టూ పిడకలు పేర్చి పట్టాని ఎర్రగా కాలుస్తారు. వేడికి పట్టా సాగుతుంది, చక్రం ఇట్టే దూరుతుంది. దూరడానికి పనికొచ్చింది రావడానికి పనికిరాదా? దిమ్మని కాలిస్తే అది సాగి గొట్టాన్ని వదిలేస్తుందని బొగ్గుతో నేల మీద బొమ్మ గీసి చూపించాను. పెదనాన్న చాలాసేపు బొమ్మని చూసి, "ఐటీఐ అంటే ఇదిరా," అన్నాడు. నా చదువుని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి.

పెరట్లో పిడకలు పేర్చి దిమ్మని మధ్యలో పెట్టి అంటించాం. ఇనుము సాగిందో లేదో తెలియదుగానీ పెయింటు మాత్రం అప్పడంలా పొంగింది. కంపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. "ఎలక్షన్ పని," అన్నాడు పెదనాన్న, వాళ్ళు తలలు దించేసుకున్నారు. చల్లారాక బయటికి లాగి గీకితే ఏళ్ళ తరబడి వేసిన క్రిస్మస్‌లన్నీ పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చాయి. అన్నిటి అడుగున, గొట్టం దిమ్మలో దూరే చోట, చిన్న స్క్రూ ఒకటి కనిపించింది. ఇద్దరం దాన్ని చూశాం, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. స్క్రూ విప్పి గొట్టం పట్టుకుంటే రెంచి అవసరం లేకుండా చేతికి వచ్చేసింది.

వచ్చాక తెలిసింది, పేలిక అందులో అలాగే ఉందని. ఆ హడావిడిలో గొట్టం ఎందుకు విప్పుతున్నామో ఇద్దరం మర్చిపోయాం. పెద్దమ్మ మా చేతుల్లోంచి గొట్టం తీసుకుని, నడిమికి వచ్చేలా పొయ్యి మీద పెట్టి పేలికని కాలనిచ్చింది. చల్లారాక ఒక కొస నోటికి ఆనించి గట్టిగా ఊదింది. బూడిద అవతల కొస నుంచి పొయ్యిలో పడింది, ఆ గాలికి నిప్పులు రాజుకుని మంట లేచింది. "ఊదుగొట్టం బానే ఉంది, దీన్ని ఉంచెయ్యండి," అంది.

తిరిగి బిగించాక గొట్టం వదులుగా ఊగింది. ఇన్నాళ్ళూ దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నది మరలు కావు, మా పెదనాన్న పెయింటు. మళ్ళీ పెయింటు వేసి ఆరబెట్టే వ్యవధి లేదు. మర్నాడు స్టేషన్లో ఎస్సైగారు గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి చూశారు. వెలుతురు కనిపించింది, తృప్తిగా తల ఊపారు. దించబోతే గొట్టం ఆయన చేతిలో, మిగతా తుపాకీ బల్ల మీద ఉన్నాయి.

"ఏంటండీ ఇది?" అన్నారు.

"ప్రయాణాల్లో వీలుగా ఉంటుందండి," అన్నాడు పెదనాన్న, కన్ను ఆర్పకుండా.

కానిస్టేబులు పురికొసతో రెండూ కలిపి కట్టాడు.

ఎలక్షన్లయ్యాక పెదనాన్న మాట నిలబెట్టుకున్నాడు. ఇస్త్రీ బట్టలేసుకుని నన్ను హైదరాబాదు తీసుకెళ్ళాడు. కల్నల్ గారు ఆయన్ని చూడగానే లేచి వచ్చి భుజాలు పట్టుకుని, "నువ్వెళ్ళిపోయాక మళ్ళీ అలాంటి పప్పు తినలేదయ్యా, మెస్సులో అందరూ నిన్నే తలుచుకునేవాళ్ళు," అన్నారు హిందీలో. నేను పెదనాన్న వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు. తిరిగొచ్చాక ఊళ్ళో ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. నిజానికి ఆ రోజు ఆయన మీద నాకు ప్రేమ పెరిగింది. తన వంటగది బయటపడుతుందని తెలిసే నన్ను అంతదూరం తీసుకొచ్చాడు మరి.

కల్నల్ గారు నన్ను, ఏం పని చేశావని అడిగారు. తుపాకీ గొట్టం విప్పానన్నాను. ఎలా అన్నారు. నాకు అబద్ధం తట్టలేదు. పిడకల దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపి, పక్క గదిలోంచి ఇద్దరు ఇంజనీర్లని పిలిపించి మొదట్నుంచీ చెప్పమన్నారు. విన్నాక ముగ్గురూ కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఉద్యోగం ఇచ్చారు. ఏ సెక్షనంటే, పెయింటింగ్.

ఇంటికొచ్చిన రోజు నేను మజ్జిగ దాకా కూర్చున్నాను. నాన్న ఎప్పటిలాగే తల ఎత్తకుండా అడిగాడు. చెప్పాను. ఆయన నా కంచంలో ఇంకో గరిటె మజ్జిగ పోశాడు. అది నాకు చాలింది.

రిటైరయ్యేదాకా ఆ సెక్షనులోనే ఉన్నాను. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ నేను నేర్పిన మొదటి పాఠం ఒకటే: పెయింటు వేసేముందు స్క్రూ మీద కాగితం ముక్క అంటించు. ఎందుకని అడిగినవాళ్ళకి, ఫ్యాక్టరీ రూలని చెప్పేవాణ్ణి. ఇప్పుడు క్రిస్మస్‌కి మా ఇంటి కిటికీలకి పెయింటు వేయిస్తూ వరండాలో కూర్చుంటాను. డబ్బాలో కాస్త మిగిలితే పెయింటరు, "ఇంకేమైనా ఉందాండీ వెయ్యడానికి?" అని అడుగుతాడు. ఏమీ లేదంటాను. చెయ్యి మాత్రం ఊరికే చుట్టూ వెతుకుతుంది.